బ్రేకు కింద పెట్రోలు

తిరుమల ఘాట్ ఎక్కే బండికైనా, దిగే బండికైనా టోల్‌గేటు దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు. అంతకంటే ముందే చేరితే జరిమానా. ప్రమాదాలు తగ్గించడానికి దేవస్థానం పెట్టిన నియమం. దిగేటప్పుడు కొందరు కుర్రాళ్లు మలుపుల్లో టైర్లు కీచుమనిపిస్తూ దూసుకొస్తారు. తీరా కొండ కింద అలిపిరి ఇంకాస్త దూరం ఉందనగా బండి పక్కకు తీసి ఫోన్లో టైము చూసుకుంటూ కూర్చుంటారు. ఏసీ ఆగకూడదు కాబట్టి ఇంజను తిరుగుతూనే ఉంటుంది. తొందరపడి మిగిల్చుకున్న నిమిషాలను మళ్లీ పెట్రోలు పోసి ఖర్చు పెడతారన్నమాట!

మైలేజీ మాటెత్తితే అందరూ యాక్సిలరేటరునే తిడతారు. నన్నడిగితే దొంగ బ్రేకు పెడల్ కింద ఉన్నాడు. బండికి వేగం తేవడానికి కాల్చిన పెట్రోలంతా బ్రేకు తొక్కగానే వేడిగా మారి గాలిలో కలుస్తుంది. వేగం రెట్టింపైతే ఆ నష్టం నాలుగింతలు. తిరుపతి లీలామహల్ సర్కిల్లో ఎర్రలైటు అంత దూరం నుంచే కనిపిస్తున్నా ముందు బండిని ముద్దాడేదాకా ఉరికి, అక్కడ బ్రేకు మీద నిలబడేవాళ్లే ఎక్కువ.

ఆమధ్య తిరుచానూరు రోడ్డులో ఒక ఆటో ఎక్కాను. సిగ్నల్ ఎర్రబడటం చూసి డ్రైవరు మణికట్టు వదులు చేశాడు. ఇంజను రొద తగ్గింది, క్లచ్ మాత్రం పట్టలేదు. ఆటో దొర్లుకుంటూ చేరేసరికి ముందున్న బండ్లు కదిలాయి. మేం ఆగనే లేదు. పక్కనుంచి ఉరికిన బైకాయన మాత్రం కాళ్లు కింద పెట్టి, మళ్లీ ఫస్టు గేరు వేస్తున్నాడు. “యాడికి పోతాడు సామీ, ఆ లైటు కాడ మనతోనే కదా నిలబడాల” అన్నాడు డ్రైవరు.

మా ఊళ్లో ఒక పాత నమ్మకం ఉంది: ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందని. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో జరిగేది దానికి తలకిందులు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి, పెట్రోలు సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అదలా ఉంచితే, బరువంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. 1944లో తెరిచిన ఆ మొదటి ఘాట్ మలుపుల్లో కాగిన బ్రేకును నమ్ముకోవడం కంటే పిచ్చిపని లేదు.

ఎక్కడం వేరే లెక్క. తిరుపతి నుంచి తిరుమల సుమారు 700 మీటర్ల ఎత్తు. నలుగురు కూర్చున్న చిన్న కారును అంత పైకి లేపడానికే ఇంచుమించు లీటరు పెట్రోలు పడుతుంది. అది ఎంత నేర్పరికైనా తప్పదు. 2022 నుంచి ఆర్టీసీ కొండకు నడుపుతున్న కరెంటు బస్సులకు మాత్రం ఒక సుళువుంది. దిగేటప్పుడు మోటారే జనరేటరై, ఎక్కడానికి వాడిన దాంట్లో కొంత బ్యాటరీకి తిరిగిస్తుంది.

డీజిల్ బస్సుల డిపోల్లో కేఎంపీఎల్ అనే మాట రోజూ వినబడుతుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడని డ్రైవరు వారీగా చూస్తారు. లీటరుకు ఐదు ఇచ్చే బస్సు ఐదుంబావు ఇస్తే, 300 కిలోమీటర్లు తిరిగేసరికి దాదాపు మూడు లీటర్లు మిగులుతాయి. సొంత బండి ఉన్న మనకు అడిగేవాళ్లు లేరు. టైర్లలో గాలి తగ్గినా, మొన్నటి యాత్రకు కట్టిన క్యారియరు ఇంకా టాపు మీదే ఉన్నా పట్టదు.

అయితే అన్నీ కాలి ఒడుపుతో తేలవు. మామిడి కాలంలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల వరుస చూడండి. పది గజాలు కదలడం, ఆగడం, మళ్లీ స్టార్టు చేయడం. అక్కడ డ్రైవరు ఎంత మెత్తగా నడిపితే ఏం లాభం? ఆ డీజిలంతా రైతు కాయల డబ్బులోంచే పోతుంది. ఫలానా గంటకు రమ్మని ముందే టోకెన్ రాసిచ్చి, ఆ గంటకే దించుకుంటే సగం వరుస రోడ్డు మీదికే రాదు.