కెఫిర్ పంచేముందు ఒక మాట

ఎప్పటిలా పెరుగు కోసం గిన్నె పట్టుకుని శాలిబండ పాల దుకాణానికి వెళ్లిన కాలమిస్టుకు ఈ వారం అక్కడి ఫ్రిజ్‌లో పాలు పులియబెట్టి చేసే కెఫిర్ సీసా కనిపించింది. కడుపుకు మేలు చేసే సరికొత్త పానీయమని దానిమీద రాసుంది. ఒళ్లు మండింది. పులియబెట్టడం మనకొకరు కొత్తగా నేర్పాలా?

ఇలాంటప్పుడు అతని కలం ఎటు పోతుందో పాత పాఠకులకు తెలిసిందే. కోస్తాలో అమ్మమ్మగారి వంటింటి మూల తరవాణి కుండ. వార్చిన గంజి, పిడికెడు అన్నం అందులో పడుతూనే ఉండేవి, పైన దబ్బాకులు. వేసవి పొద్దుట ఆ పుల్లటి నీళ్లలో నానిన అన్నానికి ఉప్పు, పచ్చిమిరపకాయ చాలు. కుండను పూర్తిగా ఖాళీ చేసేవాళ్లు కాదు. అడుగున మిగిలిన పులుపే మర్నాటికి తోడు. పాతబస్తీలో అద్దెకు దిగాక కుండ పోయింది గానీ తోడు మిగిలింది. ఇంట్లో అయిపోతే పిట్టగోడ మీదుగా గిన్నె చాచడమే. "జామన్ హోనా క్యా?" అంటూ అవతలి ఖాలాజాన్ చెంచాడు పెరుగు వేసేది. ఎవరింటి పెరుగుకు ఎవరి తోడో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ ఉక్రోషంతోనే బేగంబజార్‌లో గాజు జాడీ, ప్లాస్టిక్ జల్లెడ కొని, తెలిసినవాళ్ల దగ్గర కెఫిర్ గింజలు తెచ్చుకున్నాడు. తెల్లగా, కాలీఫ్లవర్ రెబ్బల్లా ఉన్నాయి, పట్టుకుంటే జారిపోతున్నాయి. పెరుగు తోడులో లాక్టిక్ బ్యాక్టీరియాదే పెత్తనం. ఈ గింజల్లో దానితోపాటు ఈస్టూ కాపురముంటుంది. అందుకే పులుపుతో పాటు బుడగలు, నాలుక మీద చిన్న చురుకు. గింజలను పాలలో వేస్తే 20-25 డిగ్రీల్లో పులియడానికి ఇంచుమించు 24 గంటలు పడుతుంది. మన మే నెల 40 డిగ్రీల్లో పొద్దున వేస్తే సాయంత్రానికే నీరు వేరుపడుతుంది. మూత బిగించి వదిలేస్తే గ్యాస్ చేరి సీసా పగలొచ్చు కూడా.

మన మజ్జిగకే విదేశీ వేషమని తేల్చేద్దామనుకున్నవాడు ఆగిపోయాడు. ఇది మజ్జిగ కాదు.

పైగా పాలు మారుస్తున్నకొద్దీ గింజలు పెరుగుతాయి. కాకసస్ కొండలవాళ్లు వీటిని బయటివాళ్లకు ఇచ్చేవాళ్లు కాదనీ, ఇరినా సఖరోవా అనే యువతి ఎన్నో తిప్పలు పడి 1908లో మాస్కో చేర్చిందనీ రష్యాలో కథగా చెప్పుకుంటారు. మనం అలా దాచుకోవడం దేనికి? పిట్టగోడ ఉండనే ఉంది. పక్కింటి భాబీకి ఇద్దామని కాలమిస్టు చిన్న గిన్నె తీశాడు కూడా.

అప్పుడు తట్టింది. ఈస్టు ఉన్నచోట కాస్త ఆల్కహాలూ పుడుతుంది. మామూలుగా ఒక శాతం లోపే. ఎక్కువసేపు పులియనిచ్చినా, వేడిలో వదిలేసినా పెరగొచ్చు. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద దీన్ని పెట్టాలో వద్దో తేల్చుకోవలసింది ఆ ఇంటివాళ్లు. సంగతి తెలియకపోతే ఏం తేల్చుకుంటారు?

పెరుగు తోడు ఇచ్చినట్టు కెఫిర్ గింజలను మాట్లాడకుండా చేతిలో పెట్టకూడదు. పంచండి, తప్పకుండా పంచండి. ఈ సంగతి చెప్పి మరీ ఇవ్వండి.