వయసు గీతకు ఇరువైపులా: మనోవికృతి బోధనలో బాల–వయోజన విభజన – ఒక విమర్శ

కీలక పదాలు: మనోవికృతి, కౌమారం, క్లినికల్ సైకాలజీ, ఇడుపులపాయ.

1. ఉపోద్ఘాతం

క్లినికల్ సైకాలజీ స్నాతకోత్తర శిక్షణలో పిల్లల మనోవికృతులను, వయోజనుల మనోవికృతులను సాధారణంగా వేర్వేరు పాఠ్యాంశాలుగా బోధిస్తారు. బోధనకు ఈ విభజన అనుకూలమే. కానీ బాల్యం ముగియని, వయోజన దశ మొదలుకాని విద్యార్థి విషయంలో అది ఎంతవరకు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు కడప జిల్లా వేంపల్లె మండలంలోని ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ తగిన సందర్భం. గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీ ప్రాంగణాల్లో ఇదొకటి. పదో తరగతి ముగించిన పిల్లలు ఇక్కడ ఆరేళ్లు వసతిగృహంలో ఉండి చదువుతారు. బాలలుగా ప్రవేశించి వయోజనులుగా వెలుపలికి వస్తారు.

2. వర్గీకరణలోని గీతలు

అమెరికా మనోవైద్యుల సంఘం ప్రచురించిన డీఎస్ఎం నాలుగవ కూర్పు (1994) బాల్య, కౌమారాల్లో మొదట కనిపించే రుగ్మతలకు ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. ఐదవ కూర్పు (2013) ఆ అధ్యాయాన్ని తొలగించింది. అయినా వయసు గీతలు మిగిలాయి. ఏడీహెచ్‌డీలో ఏకాగ్రతా లోపాన్ని నిర్ధారించడానికి 16 ఏళ్ల వరకు ఆరు లక్షణాలు కావాలి. 17 నుంచి ఐదు చాలు. సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మతను 18 ఏళ్లలోపు నిర్ధారించకూడదు. కుంగుబాటులో పిల్లలకు, కౌమారులకు విచారం బదులు చిరాకే ప్రధాన లక్షణం కావచ్చు. ఈ గీతలు నిరాధారమైనవి కావు. వయసుతో లక్షణాల రూపం మారుతుంది. గీతకు ఇరువైపులా ఉన్నవి రెండు వేర్వేరు విద్యలన్నట్లు బోధించడమే లోపం.

3. సాక్ష్యం ఎవరిది?

పిల్లల విషయంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చెబుతారు. వయోజనులు తమ బాధ తామే చెప్పుకుంటారు. రెండు పాఠ్యాంశాల మధ్య అసలు తేడా ఇదే. వసతిగృహంలోని పదిహేడేళ్ల విద్యార్థి ఈ రెంటికీ నడుమ ఉంటాడు. అతని రోజువారీ ప్రవర్తన తల్లి కంటబడదు. అతని బాల్యం వార్డెన్‌కు తెలియదు. ఏడీహెచ్‌డీ నిర్ధారణకు 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు ఉండి ఉండాలి. ఆ సాక్ష్యం ఊళ్లోని తల్లి జ్ఞాపకంలో, బడిపంతులు మాటలో ఉంటుంది. "వీడికి చదువు మీద ధ్యాస లేదు" అన్న మాట ఏకాగ్రతా లోపాన్ని సూచించవచ్చు, దిగులును సూచించవచ్చు, కేవలం ఆటల మీది ఇష్టాన్నీ సూచించవచ్చు. అలాగే ఇంట్లో "పొగరు" అనిపించుకున్నది కుంగుబాటులోని చిరాకు కావచ్చు. వయోజనుల కుంగుబాటు మాత్రమే చదివిన శిక్షణార్థి విచారం గురించి అడుగుతాడు. లేదన్న జవాబుతో తృప్తిపడతాడు. అక్కడ రుగ్మత కాదు, రోగే దృష్టి నుంచి జారిపోతాడు.

4. ప్రతివాదం

ఆటిజం, మేధోవైకల్యం వంటివాటికి ప్రత్యేక శిక్షణ అవసరమన్న వాదన సమంజసమే. ఆ అవసరం నుంచే 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ వెలసింది. రెండు పాఠ్యాంశాలను కలిపే పేరుతో బాల విభాగాన్ని కుదిస్తే నష్టం మరింత పెరుగుతుంది. కనుక కావలసినది విలీనం కాదు, అనుసంధానం. సాధారణ, అసాధారణ వికాసాలను కలిపి చూడాలని స్రూఫ్, రట్టర్ 1984లోనే ప్రతిపాదించారు.

5. ముగింపు

ఒకే రుగ్మతను ఆరేళ్ల వయసులో, పదహారేళ్ల వయసులో, ముప్పయ్యేళ్ల వయసులో గుర్తించగలగడం శిక్షణకు కొలమానం కావాలి. ప్రతి కేసు నివేదికలోనూ ఏ విషయం ఎవరు చెప్పారో, ఏ మాటల్లో చెప్పారో నమోదు కావాలి. పుట్టినరోజుతో విద్యార్థి చట్టరీత్యా వయోజనుడవుతాడు. అతని బాధకు మాత్రం ఆ తేదీ తెలియదు.