సైకిలు చొక్కా సొగసు

సింగారించుకోవడం ఎవరికైనా వస్తుంది. చేసుకున్న సింగారం పైకి తెలియనివ్వకపోవడమే కష్టం. పట్టుచీరతో పెళ్ళిపందిట్లో మెరిసే ఆవిడకంటే, ముదురురంగు నేతచీర కట్టుకొచ్చి నలుగురిచేతా “ఎక్కడ కొన్నారండీ?” అనిపించుకునే ఆవిడ గడుసుదని మనందరికీ తెలుసు. ఆ గడుసుతనాన్ని సైకిలు తొక్కేవాళ్ళ బట్టల్లోకి తెచ్చిన కంపెనీ ఒకటుంది. దాని పేరు రాఫా, ఊరు లండను.

2004లో సైమన్ మాట్రమ్ దాన్ని ప్రారంభించేనాటికి, పందెపు సైకిలు చొక్కా అంటే ఒంటికి అంటించిన గోడపత్రికే. బ్యాంకులూ, బీమా కంపెనీలూ, అన్నిటి పేర్లూ ఛాతీమీదా వీపుమీదా ఉండేవి. జీతం పుచ్చుకుని తొక్కేవాడు యజమాని పేరు మోస్తాడు, సరే. సొంత డబ్బుతో కొనుక్కున్న సైకిలు మీద ఆదివారం పూట వందమైళ్ళు తొక్కొచ్చే పెద్దమనిషికి ఆ మోత దేనికీ?

మాట్రమ్ ఇచ్చిన జవాబు ఓ నల్లచొక్కా. ఎడమచేతికి ఒక్క తెల్లపట్టీ, అంతే. పేరు మాత్రం, 1960ల నాటి ఓ ఫ్రెంచి పందెపు జట్టు నుంచి తెచ్చుకున్నారు. ఆ జట్టుకేమో సాన్ రాఫాయెల్ అనే మద్యం పేరు. ప్రకటనలు వద్దన్న చొక్కాకి పేరు ప్రకటనలోంచే వచ్చిందన్నమాట!

కుట్టుపని తెలిసినవాళ్ళకి ఈ చొక్కా ముచ్చటగా ఉంటుంది. ముందుభాగం పొట్టి, వెనకభాగం పొడుగు. నిలబడితే వెక్కిరిస్తున్నట్టుండేది, హేండిలు మీదికి వంగితే ఒద్దికగా అమరుతుంది. జేబులు మూడూ నడుం వెనకే. ముందు పెడితే వంగినప్పుడు వేళ్ళాడతాయి కదా! బట్టలో మెరీనో ఉన్ని కలుస్తుంది. ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది, చెమటవాసన తొందరగా పట్టదు. ఇవేవీ రాఫా కనిపెట్టినవి కావు. నైలానూ లైక్రా రాకముందు పందెగాళ్ళు ఎక్కువగా ఉన్నిచొక్కాలే తొడిగారు. రాఫా చేసిందల్లా అక్కర్లేనిదాన్ని కొట్టెయ్యడం. నవలలో నచ్చిన పేరాని కొట్టెయ్యడం ఎంత కష్టమో ఎరిగినదాన్ని కనుక, ఆ కత్తెరకి నేను నమస్కారం పెడతాను.

అయితే నా ఫిర్యాదులు నాకున్నాయి. మొదటిది, బాధ. కొండ ఎక్కుతూ రొప్పుతున్న మొహాల్ని నలుపు తెలుపు ఫొటోలు తీసి, బాధే మోక్షమన్నట్టు ప్రచారం చేశారు. కష్టాన్ని అందంగా అలంకరించి అమ్మడం నవలలు రాసేవాళ్ళకి కొత్త కాదు లెండి. హీరోయిన్ కన్నీళ్ళకి ఎంత గిరాకీయో మాకూ తెలుసు! రెండోది, మసకచీకట్లో లారీ డ్రైవరుకి నల్లచొక్కా కనిపించదు. అక్కడ అణకువ ప్రాణం మీదికి తెస్తుంది. మూడోది ధర. చొక్కా ఎంత మౌనంగా ఉన్నా, దాని ఖరీదు మాత్రం గట్టిగానే మాట్లాడుతుంది. 2013 నుంచి 2016 దాకా ఇదే కంపెనీ టీమ్ స్కై జట్టుకి బట్టలు కుట్టింది. వాటిమీద స్కై టెలివిజన్ పేరు పెద్దక్షరాల్లోనే వేసింది. 2017లో కంపెనీలో పెద్దవాటా చవకసరుకుల వాల్‌మార్ట్ వారసుల చేతికెళ్ళింది. గడుసుతనం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చూడండి!

అసలు సంగతి ఇంకా లోతుగా ఉంది. ఈ బట్టలతో దిగి తిన్నగా కాఫీ హోటల్లోకి నడిచి వెళ్ళినా ఎబ్బెట్టుగా ఉండకూడదన్నది వీటి ఆదర్శం. ఆ గుమ్మం దగ్గరే, అదే ఇంగ్లండులో, 1898లో లేడీ హార్బర్టన్‌ని ఆపేశారు. ఆవిడ సైకిలు మీద ఆకమ్ అనే పల్లెటూరికి వచ్చింది. చక్రంలో పడే పొడుగు గౌను మానేసి, మోకాళ్ళ కింద బిగించే వదులులాగు తొడుక్కుంది. హోటల్ యజమానురాలు కాఫీగదిలోకి రానివ్వక, మగవాళ్ళు తాగే బారు పక్కగది చూపించింది. కోర్టుకెళితే 1899లో యజమానురాలిదే పైచేయి అయింది.

ఆ లాగులో ఆడంబరమేముంది? రంగులా, జరీయా? పనికి తగ్గ సాదాబట్ట. మగవాడు తొడిగితే అదే హుందాతనమయ్యేది, ఆవిడ తొడిగితే అల్లరయింది. మనకి లేడీస్ సైకిలుకి అడ్డకమ్మీ తీసేసిందీ ఇందుకే కాదుటండీ? లంగాలూ చీరలూ మారనక్కర్లేదు, సైకిలే మారాలి! బట్ట సాదాగా ఉందో లేదో నిర్ణయించేది బట్ట కాదు, చూసే కళ్ళు.

అందుకే ఈ నల్లచొక్కాని నేను మెచ్చుకునేది దాని తెల్లపట్టీకి కాదు, వీపు పొడుగుకి. ఒంటికి సాయపడ్డంతవరకూ అది మంచి చొక్కా. “చూడండి, నేనెంత సాదానో!” అని చెప్పడం మొదలెట్టగానే అదీ పట్టుచీరే. ఏ వయసు ఆడదైనా తన పనికి తగ్గ బట్ట తొడుక్కుని, సైకిలు దిగి, ఎవ్వరూ తలతిప్పి చూడకుండా ఓ కప్పు కాఫీ తాగి వెళ్ళగలిగిన రోజున, ఆవిడ వేసుకున్నదే అసలైన నిరాడంబరమైన దుస్తు. దానికి కంపెనీ పేరు లేకపోయినా పరవాలేదు.