చిత్రపు పొర – అణువుల అమరిక

పాత తెలుగు చలనచిత్రములు మనవారి అశ్రద్ధవలన నశించినవను మాట తఱచుగా వినబడును. 1932లో విడుదలయిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నేడు చూచుటకు దొరకదు గనుక ఆ నింద సులభముగా అతుకుకొనుచున్నది. అందు సత్యము లేకపోలేదు. కాని ఆ విమర్శ పెట్టెను చూచినదే గాని పెట్టెలోని పొరను చూడలేదు. (ఆనాటి నైట్రేటు పొర నిప్పునకును లోబడునది, దాని కథ వేఱు.)

తుంగభద్ర కాలువలు పాఱిన పిమ్మట రాయచూరు జిల్లాకు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతపు క్యాంపులలో స్థిరపడిన తెలుగు కుటుంబములు గలవు. అట్టి యింట పెండ్లిఫోటోల నెగటివులను రేకుడబ్బాలో నుంచి, మూత బిగించి, ట్రంకుపెట్టె అడుగున దాచినచో దానిని అశ్రద్ధ యనుట యెట్లు? అయినను ఏండ్లు గడచి తెఱచినప్పుడు వెనిగర్ వాసన ముక్కునకు తగులవచ్చును.

కారణము పొర పుట్టుకలోనే యున్నది. నైట్రేటు తరువాత వాడుకకు వచ్చిన పొర సెల్యులోజ్ అసిటేటు. సెల్యులోజ్ అనగా రాయచూరు మార్కెట్టుకు వచ్చు పత్తిలోని పదార్థమే. పత్తిలో ఆ అణువుల గొలుసులు ఒకదానినొకటి అంటిపట్టుకొని వరుసదీరి యుండును. అసిటేటుగా మార్చునపుడు వాని ప్రక్కల అసిటైల్ గుంపులు చేరి అడ్డుపడుటచే గొలుసులు అంత దగ్గఱగా పేరుకొనలేవు. ఆ సందులలో తేమ దూఱును. తేమయు వేడిమియు ఆ గుంపులను ఊడదీయగా అసిటిక్ ఆమ్లము పుట్టును. పుట్టిన ఆమ్లము మఱికొన్నింటిని ఊడదీయును, తుదకు గొలుసులనే త్రెంచును. పొర కుదించుకొనును, దానిపైనున్న జెలటిన్ అంతగా కుదించుకొనదు గాన బొమ్మ ముడుతలు పడును.

ట్రైఅసిటేటు ఫిల్ము 1948లో వచ్చిన పదేండ్లలోపే ఈస్ట్‌మన్ కొడక్ సంస్థకు చేరిన తొలి ఫిర్యాదు భారత ప్రభుత్వముదే! 21 డిగ్రీల వేడిమిలో, 50 శాతము తేమలో క్రొత్త అసిటేటు ఫిల్ము సుమారు 40 ఏండ్లకు చెడ నారంభించునని అమెరికాలోని రాచెస్టరు పరిశోధకుల లెక్క. రాయచూరు వేసవి 40 డిగ్రీలు దాటును.

పాలియెస్టరు పొర నడత వేఱు. దానిని రెండు దిక్కులకు సాగదీసి వేడిమిలో స్థిరపఱతురు. గొలుసులు సాగినవైపునకు ఒదిగి, కొంతభాగము స్ఫటికమై, తేమకు అంతగా చోటీయవు. రెంటిని ఫిల్మనియే పిలుచుటచేత ఈ భేదము మఱుగుపడినది.

కావున బిగించిన మూతయే ఇచ్చట దోషి. వెలికి పోవలసిన ఆమ్లపుటావిరిని అది లోపలనే నిలుపును. ప్రేమతో చేసిన భద్రతయే పొరను త్వరపెట్టుచున్నది. వాసన మొదలయిన నెగటివును తక్కినవానినుండి వేఱుచేసి, గాలి తగులనిచ్చి, చల్లని పొడిచోట నుంచి, అన్నింటికన్న ముందు దానికే ప్రతి తీయింపవలెను. ముడుతలు పడిన పిమ్మట పొర స్కానరు అద్దముపై సమముగా పఱచుకొనదు.