గజ్జె, గొంగడి, మధ్యలో ఆగిన పాట

హైదరాబాద్ ఎల్బీ నగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి విగ్రహం ఉంది. 2009 నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం అతను ఒంటికి నిప్పంటించుకున్నది ఆ చౌరస్తాలోనే. డిసెంబర్ 3న ప్రాణం విడిచాడు. ఆ మంటల తర్వాతి ఏళ్లలో తెలంగాణ ఊరూరా మోగిన పాటల్లో ‘పొడుస్తున్న పొద్దు మీద’ ఒకటి. దాన్ని రాసి పాడిన గద్దర్‌ను ఉద్యమకారుడిగా అందరూ తలుచుకుంటారు. పాటలో కొత్త ప్రయోగాలు చేసిన కళాకారుడిగా తలుచుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఇది పెద్ద లోటు. ఆయన రాజకీయమంతా పాట కట్టిన తీరులోనే ఉంది. పాట తీరే రాజకీయమైన సందర్భం మరోచోటా ఉంది. ప్రేగ్‌లో 1968లో పుట్టిన ‘ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ద యూనివర్స్’ అనే రాక్ బృందం నినాదాలేమీ పాడలేదు. వాళ్ల సంగీతంలోని వింత శబ్దాన్నే అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం సహించలేకపోయింది. 1976లో ఆ సంగీతకారుల మీద జరిగిన విచారణ ‘చార్టర్ 77’ అనే మానవహక్కుల ప్రకటనకు దారితీసింది. పాట రూపమే రాజకీయం కాగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, స్వాతంత్ర్య పోరాటంలోని గదర్ పార్టీ పేరు తలకెత్తుకుని గద్దర్ అయ్యాడు, 1972లో మొదలైన విప్లవ కళాబృందం జననాట్యమండలిలో పనిచేశాడు. అంతకుముందు 1940లలో కమ్యూనిస్టుల ప్రజానాట్యమండలి బుర్రకథను ఊళ్లకు తీసుకెళ్లింది. కథకుడు, ఇటూ అటూ పాట అందుకునే ఇద్దరు వంతలు, తంబుర, డిక్కీలు. గద్దర్ దీన్ని ఇంకా తేలిక చేశాడు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు, పక్కన డప్పు. రంగస్థలం ఎక్కడంటే అక్కడే. నాట్లేసేటప్పటి బాణీ, జోలపాట, ఒగ్గుకథ దరువు, ఏది దొరికితే అది తీసుకుని కొత్త మాట కూర్చేవాడు. అసలు పనితనం తర్వాత కనిపిస్తుంది. పల్లవి చిన్నది, ఒక్కసారి వింటే నోటికొచ్చేది. చరణం మధ్యలో పాట ఆపేస్తాడు. డప్పు సద్దుమణుగుతుంది. మామూలు మాటల్లో అమ్మతోనో అన్నతోనో మాట్లాడినట్టు రెండు ముక్కలు చెప్తాడు. జనం ఊపిరి బిగబట్టిన క్షణాన గజ్జె ఘల్లుమంటుంది, పల్లవి జనం నోట తిరిగొస్తుంది. అప్పటికి వినేవాళ్లంతా వంతలైపోయి ఉంటారు.

ఇదంతా ప్రచారం, కళ కాదు అనేవాళ్లున్నారు. ప్రచారమైతే సందర్భంతోపాటే చచ్చిపోవాలి. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకు ఆయన రాసిన అన్నాచెల్లెళ్ల పాటను ఎర్రజెండా అంటే గిట్టని ఇళ్లలోనూ రాఖీ రోజున పెట్టుకుంటారు. బాణీలు ఆయన సొంతం కావన్నది మరో మాట. నిజమే, ‘మా భూమి’ సినిమాలో ఆయన పాడిన ‘బండెనక బండి కట్టి’ కూడా బండి యాదగిరి పాట. కానీ జానపదంలో సొంతదనాన్ని బాణీలో వెతికితే దొరకదు, దాన్ని ఎక్కడ విరిచాడో ఎక్కడ ఆపాడో అక్కడ వెతకాలి. మూడో అభ్యంతరం బరువైనది. తుపాకీని కీర్తించినవాడు 2018లో మొదటిసారి ఓటు వేశాడు, 2023లో సొంత పార్టీ ప్రకటించాడు. అదే ఏడు ఆగస్టు 6న కన్నుమూస్తే ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగినప్పుడు దిగిన తూటాల్లో ఒకటి అప్పటికీ ఆ ఒంట్లోనే ఉంది. ఆయన రాజకీయ నిర్ణయాలన్నీ సరైనవని నేను వాదించను. హింసను పొగిడిన పాటలను హింసను పొగిడిన పాటలుగానే చదవాలి. అయినా జనాన్ని శ్రోతలుగా కూర్చోబెట్టక గాయకులుగా లేపిన ఆ పద్ధతి, ఏ పార్టీ చేతిలోనూ ఇమడలేదు.

ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే బతుకమ్మ రోజుల్లో సరూర్‌నగర్ వైపు వెళ్తే చాలు. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు వంగి లేస్తూ చప్పట్లు కొడతారు. ఒకామె అందుకుంటుంది, మిగతావాళ్లు ఉయ్యాలో అంటారు. ఆమెకు చరణం గుర్తురాక తడబడితే అవతలి పక్కనుంచి ఇంకో గొంతు ఎత్తుకుంటుంది. చప్పట్ల లెక్క తప్పదు.