కార్తికేయ చూస్తుంటే బయ్యారం చెరువు గుర్తొచ్చింది

ముందే చెప్పేస్తున్నా, కార్తికేయ సినిమాలంటే నాకు ఇష్టం. చందూ మొండేటి 2014లో తీసిన మొదటిదీ, 2022లో వచ్చిన రెండోదీ, రెండూ. షాడో నవలలు అద్దెకు తెచ్చుకుని దుప్పట్లో టార్చిలైటు వేసుకుని చదివిన బాపతు మేము. తర్వాతి పేజీలో ఏమవుతుందో అన్న ఆత్రం చిన్న విషయమని నేనెప్పుడూ అనుకోలేదు. అది అందించలేని సీరియస్ నవలలు చాలానే చదివాను.

అయితే ఈ మధ్య రెండు సినిమాలనూ వెంటవెంటనే చూసినప్పుడు ఒకటి తట్టింది. రెండింట్లోనూ హీరో ఒకడే, కానీ వాడి బుర్ర ఒకటి కాదు.

మొదటి దాంట్లో కార్తీక్ మెడికో. సుబ్రహ్మణ్యపురంలో గుడి మూతపడింది, దాని జోలికి వెళ్లినవాళ్లు పాముకాటుకు చచ్చిపోతున్నారు. ఊరంతా శాపం అంటోంది. వీడు మాత్రం పాము ఒక మనిషినే వెతుక్కుంటూ వచ్చి ఎందుకు కరుస్తుంది అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నే సినిమా మొత్తాన్ని లాక్కెళ్తుంది. చివరికి పాము వెనక మనిషి చెయ్యి బయటపడుతుంది. మా ఉద్యోగంలోనూ ఇంతే. సర్వర్‌కి దెయ్యం పట్టిందని ఎవరూ రిపోర్టు రాయరు, లాగ్ చూస్తారు.

రెండో దాంట్లో అదే కార్తీక్ ద్వారకకి వెళ్లి కృష్ణుడి కడియం వెతుకులాటలో పడతాడు. పరుగు అద్భుతంగా ఉంటుంది. కాలభైరవ సంగీతం, కార్తీక్ ఘట్టమనేని కెమెరా కూర్చోనివ్వవు. కానీ ఇక్కడ ప్రతి చిక్కుముడికీ జవాబు ముందే రాసిపెట్టి ఉంది. వాడి పని దాన్ని చేరుకోవడమే, అనుమానించడం కాదు. అనుపమ్ ఖేర్ కృష్ణుడి గురించి మాట్లాడే సీన్‌కి హాల్లో అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చాక అనిపించింది, మొదటి సినిమాలోని కార్తీక్ అక్కడుంటే చెయ్యెత్తి ‘ఆధారం ఏంటి సార్’ అనేవాడు కదా అని. నిజం ద్వారక దగ్గర 1980లలో ఎస్.ఆర్. రావు బృందం సముద్రంలో వెతికితే రాతి లంగర్లు, కట్టడాల శిథిలాలు దొరికాయి. అవి ఏ కాలానివో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ వాదనలో ఎంత థ్రిల్ ఉంది! సినిమా దాన్ని దాటేసి ముందుకెళ్లిపోయింది.

దీనికి 2022 సంవత్సరపు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. రావొద్దని కాదు నా బాధ.

మాది గార్ల. పక్కనే బయ్యారం. అక్కడి పెద్దచెరువుని కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించి ‘ధర్మకీర్తి సముద్రం’ అని పేరు పెట్టింది. ఆ చెరువు శాసనంలో కాకతీయుల తొలి వంశక్రమం ఉంది. వెన్నడు, అతని తర్వాత వరసగా ముగ్గురు గుండరాజులు, ఆ తర్వాత ఎర్ర. ఆ ముగ్గురు గుండలను ముగ్గురు రాములతో పోల్చింది శాసనం. ఎక్కడో అప్పటి కృష్ణా జిల్లా మాగల్లులో దొరికిన, దానార్ణవుడి కాలపు రాగిరేకుల్లో కాకర్త్య గుండన అని ఇంకో పేరు. ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి, ఏ గుండ ఏ గుండో తేల్చడానికి పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటివాళ్లు కూర్చున్నారు. ఛేజింగ్ లేదు, తుపాకీ లేదు. చదువుతుంటే మాత్రం నాకు షాడో చదివినప్పటి ఆత్రమే. చిన్నప్పుడు ఆ చెరువు కట్ట మీద సైకిల్ తొక్కినవాణ్ణి, ఆ రాయి సంగతి మాకెవరూ చెప్పలేదు.

చెప్పింది వేరే. ఫలానా గుడి కింద లంకెబిందెలున్నాయని చెప్పేవాళ్లు. మా వైపు ఒక పాడుబడ్డ గుళ్లో నందిని పక్కకి దొర్లించి, కింద మనిషి లోతు గొయ్యి తవ్వి పోయారు ఎవరో. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. గొయ్యి చుట్టూ నిమ్మకాయలు, పసుపు. వాళ్లకేం దొరికిందో తెలీదు గానీ, పక్కన రాసున్న రాయి ఒకటి రెండు ముక్కలైంది. ఆ ముక్కలు తర్వాత ఎవరి ఇంటి గడప కిందికో పోయాయి.

సినిమా చూసి ఎవరూ గునపం పట్టుకోరు, ఆ నింద నేను వెయ్యను. కాకపోతే నిధి అంటే తవ్వి తీసుకునేదే అన్న ఊహ మాత్రం గునపం పట్టినోడికీ, రెండో కార్తికేయకీ ఒకటే. మొదటి కార్తీక్ అయితే ఆ రాయి మీద ఏం రాసుందని అడిగేవాడని నా నమ్మకం.

మూడో భాగం తీస్తారంటున్నారు. మొదటి రోజే టికెట్ కొంటాను, ఆ మెడికో మళ్లీ వస్తాడేమోనని.