ఖాళీ నెలలో ఇంటి పని

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా, విజయవాడ రహదారికి ఇరువైపులా విస్తరించిన చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, మన్సూరాబాద్ కాలనీల్లో, నూటయాభై రెండువందల గజాల జాగాలో కట్టుకున్న ఇంట్లో ఒక అంతస్తులో తాము ఉంటూ తక్కినవాటిని పోర్షన్లుగా, అంటే విడి వంటగది, విడి స్నానాలగది ఉన్న వాటాలుగా, కిరాయికి ఇచ్చే చిన్న యజమానులు ఎందరో ఉన్నారు. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవారికి నగరం మొదట తగిలేది ఇక్కడే కావడం, కోచింగ్ సెంటర్లు, వాటిని నమ్ముకున్న హాస్టళ్లు ఇక్కడ ఉండటం, 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో రావడం వల్ల ఈ వీధుల్లో టులెట్ బోర్డు ఎక్కువకాలం వేలాడదు. గిరాకీ ఉన్నచోట మరమ్మతు వెనకబడుతుంది. ఒకరు వెళ్తే మరొకరు దొరుకుతున్నంతకాలం గోడమీది చెమ్మ యజమానిని తొందరపెట్టదు.

ఈ వరుసకు అడ్డు తగిలేవి శూన్యమాసాలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పాలు పొంగించి కొత్త ఇంట్లో దిగడానికి పనికిరావని చాలా కుటుంబాలు భావిస్తాయి కాబట్టి, జ్యేష్ఠం చివర్లో ఖాళీ అయిన పోర్షన్ ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని బోర్డు రాసుకున్న యజమాని చేతిలో శ్రావణం దాకా ఉండిపోతుంది. ఆ నెల కిరాయిని నష్టం కింద రాసుకోవడం అలవాటు. అయితే ఆషాఢం సాధారణంగా తొలివానలతో కలిసి వస్తుందనీ, ఇల్లు ఎక్కడ కారుతున్నదో బయటపడే రోజుల్లోనే ఇల్లు ఖాళీగా దొరుకుతున్నదనీ గమనించిన యజమానికి ఆ నెలే ఏడాది మొత్తంలో అక్కరకొచ్చే నెల.

పై అంతస్తు స్నానాలగది కింద సీలింగ్ మీద పసుపు మరక కనిపిస్తే చాలామంది ముందు పెయింటర్‌ను పిలుస్తారు. నీరు ఏ దారిన వస్తున్నదో తెలుసుకోకుండా వేసిన రంగు కొద్ది నెలల్లోనే పెచ్చులూడి, మరక మళ్లీ తేలుతుంది. పైవాళ్లు పదిరోజులు ఊరెళ్లినా మరక ఆరకపోతే, ఎప్పుడూ నీటితో నిండి ఉండే సరఫరా పైపును అనుమానించాలి. వాడకం ఉన్న రోజుల్లోనే తడిస్తే టైల్స్ సందులనో, నేలమీది నీరు డ్రైనేజీ పైపులోకి దిగేచోట అమర్చే నానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకునో చూడాలి. వాన పడ్డాకే కనిపిస్తే తప్పు డాబాది. అనుమానం తీరాలంటే ట్రాప్ నోటిని గుడ్డతో బిగించి, నేలమీద రెండంగుళాల నీటిని ఒకటి రెండు రోజులు నిలిపి కింద చూడాలి. కాపురం ఉన్నవాళ్లను అన్నాళ్లు స్నానాలగది వాడుకోవద్దనడం కుదరని పని గనుక, ఈ పరీక్షకు ఖాళీ పోర్షన్ కావాలి. డాబా వాటర్‌ప్రూఫింగ్‌కు మాత్రం స్లాబు బాగా ఎండి ఉండాలి కాబట్టి, ఈ ఆషాఢంలో గుర్తుపెట్టిన పగులును వచ్చే వేసవిలో పూడ్పించాలి.

సంపును, అంటే నల్లా నీరు నిలవచేసే నేలకింది తొట్టిని, కడిగించవలసింది కూడా పోర్షన్ ఖాళీగా ఉన్న ఆషాఢంలోనే. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పరిసర కాలనీలు మునిగినప్పుడు వీధినీరు ఇళ్లలోకి చేరింది. సంపు మూత నేలమట్టానికి ఉన్న ఇంట్లో అలాంటి నీరు తాగేనీటిలో కలవడానికి ఎంతోసేపు పట్టదు కాబట్టి, మూత చుట్టూ గట్టు లేపించడం చిన్న ఖర్చులో పెద్ద రక్షణ. మీటర్ల సంగతీ ఇటువంటిదే. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు అర్హులైన కిరాయిదారులకూ వర్తిస్తుంది. రెండు కాపురాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లు కలిసి ఆ హద్దు దాటిపోవచ్చు కాబట్టి, పోర్షన్‌కో విడి మీటరు కూడా ఈ ఖాళీ నెలలోనే పెట్టించుకోవాలి.

మరమ్మతు ఎవరు చేయించాలన్నది తరచూ వచ్చే పేచీ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల మినహా, ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించడం కిరాయిదారు బాధ్యత; చేయించవలసిన మరమ్మతును యజమాని నోటీసు అందాక కూడా సకాలంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకొని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం స్లాబు, గోడల వంటి కట్టడపు మరమ్మతులు, సున్నం, పైపులు, వైరింగ్ యజమానికీ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు మరమ్మతు కిరాయిదారుకూ పంచింది. రాష్ట్రాలు చట్టం చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టిపడేయదు. అయినా ఆ జాబితాను ఒప్పంద పత్రంలో ఎక్కించుకోవడానికి ఏ అడ్డంకీ లేదు, అడ్వాన్సు తిరిగిచ్చే రోజు సగం గొడవ దానితోనే తగ్గుతుంది.

అద్దె ఆదాయంలో, మున్సిపల్ పన్ను పోగా మిగిలినదాని నుంచి, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా 30 శాతాన్ని ఆదాయపు పన్ను చట్టం మినహాయిస్తుంది. కిరాయి మొత్తం ఆదాయం కాదనీ, అందులో ఇంటికీ వాటా ఉందనీ దీని అర్థం. ఒప్పందాలు పదకొండు నెలలకే రాసుకోవడం ఇక్కడ ఆనవాయితీ. చిన్న యజమాని తన లెక్కనూ అలాగే వేసుకొని, పదకొండు నెలల కిరాయినే రాబడిగా చూసుకొని పన్నెండో నెలను ఇంటి పేర రాసిపెడితే, పోర్షన్ నిండి ఉన్న ఏడాది ఆ డబ్బు మరమ్మతుకు నిలవ ఉంటుంది. ఖాళీ పడిన ఏడాది మరమ్మతుకు ఒక నెల దొరుకుతుంది.